ఇంజన్ పని అయ్యాక నల్ల పొగ, మిస్సింగ్: ముందు ఏది వచ్చింది?

సంక్రాంతి దగ్గర పడుతుంటే భీమవరం, తణుకు, అమలాపురం బోరింగ్ షాపుల్లో ట్రాక్టరు బ్లాకుల పక్కన పెట్రోలు కారు ఇంజన్లు కూడా కనిపిస్తుంటాయి. పాత హోండా వీటెక్ సిటీ, జిప్సీ, టర్బో ఆక్టేవియా లాంటివి, యజమాని ముచ్చటపడి దాచుకున్న బళ్ళు. బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, హెడ్ ఫేసింగ్ చేయిస్తారు. ఇంకొంచెం ఉత్సాహం ఉన్నవాళ్ళు వాల్వులు తెరిచే కామ్ మార్చి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి పెట్టి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, విడిగా దొరికేది కొని బిగిస్తారు. పండక్కి బండి రోడ్డెక్కాలి.

బండి స్టార్ట్ అవుతుంది. కానీ ఐడ్లింగ్‌లో వణుకుతుంది. సైలెన్సర్ నుంచి నల్ల పొగ, కళ్ళు మండేంత పెట్రోలు వాసన. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ రాకపోగా వెనక టప్ టప్ మంటుంది. ప్లగ్గులు విప్పితే మసి. వెంటనే వచ్చే తీర్పు ఒకటే: పెట్రోలు ఎక్కువ పోతోంది, తగ్గించు. ఈ తీర్పు కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు మాత్రం తలకిందులు. మిస్సింగ్ (ఏదో సిలిండర్‌లో మంట వెలక్కపోవడం) వల్ల బండి రిచ్ (గాలికి మించి పెట్రోలు) అయిందా, రిచ్ కావడం వల్ల మిస్సింగ్ వచ్చిందా అన్నది తేలకుండా పెట్రోలు మీద చెయ్యి వేస్తే అసలు జబ్బు మరుగున పడిపోతుంది.

మన దగ్గర ఈ పొరపాటు ఎక్కువగా జరగడానికి కారణం ఉంది. డెల్టా మెకానిక్కుల చెయ్యి డీజిల్ మీద తిరిగింది. ట్రాక్టర్లు, కోత మిషన్లు, చెరువుల మీది జనరేటర్లు, బోట్లు. డీజిల్ ఇంజన్లో నల్ల పొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతోందని అర్థం, పంపు చూడాలి, నాజిల్ చూడాలి, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఆ లెక్క డీజిల్‌కి సరిగ్గా సరిపోతుంది, ఆ అనుభవం గొప్పది కూడా. కానీ పెట్రోలు ఇంజన్లో స్పార్క్ అనే మూడో మనిషి ఉన్నాడు, ఈసీయూ అనే నాలుగో మనిషి ఉన్నాడు. ఈ నాలుగో మనిషి సెన్సర్ చెప్పిన మాట నమ్మి తనంతట తానే పెట్రోలు పెంచేస్తుంటాడు.

ఈసీయూ పెట్రోలు ఎలా లెక్క కడుతుందో చూద్దాం. అది ముందు గాలిని లెక్కిస్తుంది, తర్వాత ఆ గాలికి తగ్గ పెట్రోలు పోస్తుంది. అచ్చమైన పెట్రోలుకి బరువులో 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు ఇంధనం. ఆ సమతూకాన్నే ల్యామ్డా 1 అంటారు. ఒకటికి దిగువన ఉంటే రిచ్, పైన ఉంటే లీన్. కాబట్టి ఇంజన్ నిజంగా రిచ్ అయిందంటే గాలి లెక్కలో తప్పు ఉండాలి, లేదా లెక్క సరిగ్గానే ఉండి ఇంజెక్టర్ అంతకు మించి పోస్తూ ఉండాలి. ఈ రెండూ కాకపోతే పోసిన పెట్రోలు కాలడం లేదన్నమాట.

ఇంకో సంగతి గుర్తుంచుకుంటే సగం అనుమానాలు తీరతాయి. పెట్రోలు ఇంజన్ రిచ్‌ని బాగానే ఓర్చుకుంటుంది. అసలు ఫుల్ పవర్ వచ్చేదే ల్యామ్డా 0.85, 0.88 దగ్గర. అంటే పది, పదిహేను శాతం పెట్రోలు ఎక్కువైనంత మాత్రాన మంచి స్పార్క్, మంచి కంప్రెషన్ ఉన్న ఇంజన్ మిస్ కొట్టదు. పెట్రోలు ఒక్కటే కారణమై మిస్సింగ్ రావాలంటే ల్యామ్డా సుమారు 0.7 కంటే కిందికి దిగాలి. కాస్త రిచ్‌కే మిస్సింగ్ వస్తోందంటే స్పార్కో కంప్రెషనో తోడు దొంగగా ఉన్నట్టే.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలుని చూడలేదు. దానికి తెలిసింది మిగిలిపోయిన ఆక్సిజన్ ఒక్కటే. మామూలు సెన్సర్ అయితే ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తే 0.1 వోల్ట్ దగ్గర, తక్కువ కనిపిస్తే 0.9 వోల్ట్ దగ్గర చూపిస్తుంది. ఒక సిలిండర్ మిస్ కొట్టిందనుకోండి. ఆ సిలిండర్‌లోకి పోయిన గాలి కాలకుండా, అందులోని ఆక్సిజన్‌తో సహా బయటికి వచ్చేస్తుంది. దాంతో పాటే కాలని పెట్రోలు కూడా వస్తుంది, కానీ సెన్సర్‌కి అది లెక్కలోకి రాదు. ‘లీన్’ అని కబురు పంపుతుంది. ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. మిస్సింగ్ పోదు కాబట్టి మళ్ళీ లీన్ అనే చెబుతుంది, మళ్ళీ పెంచుతుంది.

ఉదాహరణకి ఒక నాలుగు సిలిండర్ల బండి తీసుకుందాం. మూడో సిలిండర్ ఒక్కటే మిస్ కొడుతోంది. మిగతా మూడూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఈసీయూకి ఏ సిలిండర్ తప్పో తెలియదు, పెంచితే నాలుగింటికీ పెంచుతుంది. స్కానర్‌లో చూస్తే ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తనంతట తాను పెట్రోలుకి చేసే దిద్దుబాటు, ప్లస్ 24 శాతం. అంటే మంచి సిలిండర్లు మూడూ అనవసరంగా నాలుగో వంతు పెట్రోలు ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్గులు విప్పితే నాలుగూ నలుపే. చూసినవాళ్ళు ‘నాలుగూ నల్లగా ఉన్నాయి, కాబట్టి ఇంజన్ మొత్తానికి పెట్రోలు ఎక్కువ పోతోంది’ అని ఇంజెక్టర్లు విప్పుతారు. తప్పు ఉన్నది మూడో సిలిండర్‌లో, బహుశా స్పార్క్‌కి కరెంటు ఇచ్చే ఒక కాయిల్‌లోనో ఒక వాల్వ్‌లోనో. కొత్త బళ్ళలో ఈసీయూ మిస్సింగ్‌ని పసిగట్టి ఈ దిద్దుబాటు ఆపేస్తుంది, కొన్ని ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నే కట్ చేస్తాయి. పాత ఈసీయూలకీ, విడిగా కొని బిగించే చాలా ఈసీయూలకీ ఆ తెలివి ఉండదు.

కాబట్టి స్కానర్ పెట్టిన వెంటనే చూడాల్సింది ఎర్రర్ కోడ్ కాదు, ట్రిమ్ గుర్తు. ప్లగ్గులు నల్లగా ఉండి ట్రిమ్ మైనస్ 20 చూపిస్తే ఈసీయూ కూడా రిచ్ అని ఒప్పుకుంటోంది, తగ్గించడానికి తంటాలు పడుతోంది. అప్పుడు పెట్రోలు నిజంగానే ఎక్కువ. ప్లగ్గులు నల్లగా ఉండి ట్రిమ్ ప్లస్ 20 చూపిస్తే ఈసీయూని ఎవరో మోసం చేస్తున్నారు. మిస్సింగ్ కావచ్చు, సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకు కావచ్చు. ఇంజన్ దింపి ఎక్కించినప్పుడు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోవడం మామూలే. బయటికి పొగ కొట్టే ఆ సందులోంచే ఐడ్లింగ్‌లో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఆ ఆక్సిజన్ చూసి సెన్సర్ లీన్ అంటుంది. ఇంకా సందేహం ఉంటే ఆక్సిజన్ సెన్సర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పీకి నడపండి, లేదా ట్యూనింగ్ ఈసీయూ అయితే క్లోజ్డ్ లూప్, అంటే సెన్సర్ మాట విని పెట్రోలు దిద్దే పద్ధతి, ఆపండి. నల్ల పొగ తగ్గి మిస్సింగ్ అలాగే మిగిలితే రిచ్ అనేది ఫలితమే, కారణం కాదని రుజువైనట్టే.

స్కానర్ లేని పాత బండికి ప్లగ్గులే సాక్ష్యం. విప్పినప్పుడు సిలిండర్ నంబరు ప్రకారం వరసగా కాగితం మీద పెట్టండి, కలపకండి. పొడిగా, వేలికి అంటుకునే కాటుక లాంటి మసి ఉంటే మిక్చర్ రిచ్, కానీ అక్కడ మంట వెలుగుతోంది. తడిగా, పెట్రోలు వాసన కొడుతూ ఉంటే ఆ సిలిండర్‌లో మంట వెలగడం లేదు. జిగటగా, నిగనిగలాడే నలుపైతే అది ఆయిల్, కొత్త రింగులు ఇంకా కూర్చోలేదు లేదా వాల్వ్ సీల్ సరిగ్గా ఎక్కలేదు. మూడు పొడిగా, ఒకటి తడిగా ఉన్నాయంటే ఆ తడి ప్లగ్గు సిలిండర్ దగ్గరే మొదలుపెట్టాలి. కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి. మిస్సింగ్ కాయిల్‌తో పాటు కదిలితే దొరికినట్టే. కదలకపోతే ఇంజెక్టర్ మార్చి చూడండి. అది కూడా కదలకపోతే జబ్బు ఇంజన్ లోపలే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డీజిల్ ఇంజన్లో ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోడానికి నాజిల్ పైపు నట్టు లూజు చేసి చూస్తారు. అదే అలవాటుతో పెట్రోలు బండిలో నడుస్తుండగా ప్లగ్ వైరు పీకకూడదు. షాక్ సంగతి అటుంచి, ఆ సిలిండర్ పెట్రోలంతా కాలకుండా సైలెన్సర్‌లోకి పోతుంది. ఇంజెక్టర్ కప్లర్ పీకండి. ఇంజన్ శబ్దం మారకపోతే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదన్నమాట.

ఇంజన్ పని చేయించిన బండికి కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి. ‘కొత్త రింగులు వేశాం, కంప్రెషన్ ఎందుకు చూడాలి’ అంటారు. కొత్తవి వేశారు కాబట్టే చూడాలి. ఇంజెక్టర్లు ఆపేసి, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉండగా తిప్పాలి. మామూలు పెట్రోలు ఇంజన్‌కి 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య వస్తుంది, పెద్ద కామ్ వేస్తే కొంచెం తగ్గుతుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది, పదిహేను శాతం మించి తేడా ఉంటే వదలకూడదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడడం పాత పద్ధతి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అంటారు. కానీ రిచ్‌గా నడిచిన ఇంజన్లో ఈ పరీక్ష మోసం చేస్తుంది. పెట్రోలు బోరు గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, రింగు బాగున్నా కంప్రెషన్ పడిపోతుంది. ఆయిల్ పోయగానే లేస్తుంది. దాన్ని చూసి రింగులు పోయాయని ఇంజన్ మళ్ళీ దింపిన సందర్భాలున్నాయి. ముందు ఆరనిచ్చి, ప్రతి సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి కొన్ని చుట్లు తిప్పి, ఆ ఆయిల్ బయటికి పోయాక అసలు రీడింగ్ తీసుకోవాలి.

హెడ్ పని జరిగిన ఇంజన్లో నేను మొదట అనుమానించేది ట్యాపెట్ గ్యాప్‌ని, అంటే కామ్ వైపుకీ వాల్వ్ కాడకీ మధ్య ఉండాల్సిన సందుని. వాల్వ్ సీటు గ్రైండింగ్ చేస్తే వాల్వ్ సీటులోకి లోతుగా దిగుతుంది, దాని కాడ కామ్ వైపు పైకి లేస్తుంది. గ్యాప్ తగ్గిపోతుంది. పాత గ్యాప్ ఉన్నట్టే అనుకుని మూత బిగిస్తే, చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే ఉంటుంది. వేడెక్కి వాల్వ్ సాగాక పూర్తిగా మూసుకోదు, మిస్సింగ్ మొదలవుతుంది. ‘పొద్దున బాగుంది, పది కిలోమీటర్లు పోయాక మిస్ అవుతోంది’ అనే ఫిర్యాదులో చాలాసార్లు కాయిలో, ట్యాపెట్టో ఉంటుంది. పాత హోండా వీటెక్ ఇంజన్లలో ఇన్‌లెట్‌కి ఉండాల్సిన గ్యాప్ సుమారు 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.25. ఫీలర్ గేజీతో అరగంట పని.

తర్వాత టైమింగ్ బెల్ట్. క్రాంకు పళ్ళచక్రానికి 20 పళ్ళుంటే ఒక పన్ను తప్పితే 18 డిగ్రీలు తప్పినట్టు. బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా, అదే ప్రమాదం. కామ్ ఆలస్యమైతే ఇంజన్ గాలి సరిగ్గా పీల్చలేదు, గాలి లోపలికి వచ్చే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ తగ్గుతుంది. పాత హోండాల్లా మ్యాప్ సెన్సర్‌తో (ఆ మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచేది) గాలి లెక్క కట్టే బండిలో ఆ తగ్గిన వ్యాక్యూమ్‌ని ఈసీయూ ‘లోడు పెరిగింది’ అని అర్థం చేసుకుంటుంది. లేని గాలికి పెట్రోలు పోస్తుంది.

దీన్ని పట్టుకోవడం మన డెల్టాలో చాలా తేలిక. మనం సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల ఎత్తులోనే ఉన్నాం. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మ్యాప్ సెన్సర్ 100, 101 కిలోపాస్కల్ చూపించాలి. బాగా తేడా ఉంటే సెన్సరో వైరింగో తప్పు. స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో చూస్తే కంపెనీ ఇచ్చిన కామ్ ఉన్న ఆరోగ్యమైన ఇంజన్ 30, 35 దగ్గర నిలబడుతుంది. 48, 50 దగ్గర ఊగుతుంటే టైమింగ్ మార్కులు చూడకుండా ఇంకేమీ ముట్టుకోవద్దు. మ్యాప్ సెన్సర్ గొట్టం ఊడితే ఐడ్లింగ్‌లో కూడా 100 చూపిస్తుంది, ఇంజన్ పెట్రోల్లో మునిగిపోతుంది. ఆక్టేవియాలా గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న టర్బో బండిలో కథ వేరు. అక్కడ కొలిచిన గాలి సెన్సర్ దాటాక ఏదో గొట్టం క్లిప్పు లూజై బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం ఆ గాలి లెక్క ప్రకారమే పడుతుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) వచ్చినప్పుడే పొగ, మిస్సింగ్.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చిన్నదే కానీ పెద్ద నష్టం చేస్తుంది. చాలా ఇంజన్లలో అలాంటివి రెండు పక్కపక్కనే ఉంటాయి. మీటరుకి పోయేది ఒకటి, ఈసీయూకి పోయేది ఒకటి. రెండోదాని కప్లర్ పెట్టడం మరిచిపోతే కొన్ని ఈసీయూలు ఇంజన్ మైనస్ 40 డిగ్రీల్లో ఉందనుకుని చలికి తగ్గ పెట్రోలు పోస్తాయి. కోనసీమలో ఆ చలి ఎక్కడిది! పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద స్కానర్ పెడితే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. మల్టీమీటర్ ఉంటే, సాధారణ రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టుపక్కల చూపిస్తుంది. రేడియేటర్ నింపేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలినా సెన్సర్ కొన నీళ్ళలో మునగక తప్పు చెబుతుంది.

ఎర్త్ వైరు విషయం దీనికంటే సూక్ష్మం. బ్లాకుకి కొత్తగా పెయింట్ వేసి ఆ పెయింట్ మీదే ఎర్త్ బిగించడం, గేర్‌బాక్స్ దగ్గరి ఎర్త్ పట్టీ మర్చిపోవడం తరచూ జరుగుతుంది. సెన్సర్ల ఎర్త్ బలహీనమైతే వాటి వోల్టేజ్ ఉన్నదానికంటే కొంచెం పైకి కనిపిస్తుంది. టెంపరేచర్ సెన్సర్‌లో ఎక్కువ వోల్టేజ్ అంటే చలి. మ్యాప్ సెన్సర్‌లో ఎక్కువ వోల్టేజ్ అంటే లోడు. రెండు తప్పులూ ఈసీయూని పెట్రోలు పెంచే వైపే తోస్తాయి. ఏ ఒక్క సెన్సర్ మార్చినా బాగుపడని రిచ్ జబ్బుకి ఇదే మూలమవుతుంది. బ్యాటరీ మైనస్‌కీ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి స్టార్టర్ తిప్పితే 0.2, 0.3 వోల్ట్ మించకూడదు. సెన్సర్ ఎర్త్ వైర్లనూ ఇంజన్ ఆన్‌లో ఉండగా అదే తీరున చూడాలి, అక్కడ తేడా దాదాపు సున్నా ఉండాలి. అంతర్వేది, ఉప్పాడ వైపు, ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బళ్ళలో కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పేరుకుంటుంది. ఇంజన్ దింపి నెలల తరబడి షెడ్డులో పెడితే తెరిచి ఉన్న కప్లర్లకి ఆ గాలే చాలు.

స్పార్క్ గురించి క్లుప్తంగా. కాయిల్ వైర్లు తారుమారు కాలేదని ఫైరింగ్ ఆర్డర్‌తో సరిచూడాలి, చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లకి అది 1-3-4-2. టర్బోకి ప్లగ్ గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర తగ్గించాలి, లేకపోతే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతుంది. ఒకసారి మసి పట్టిన ప్లగ్గు పింగాణీ మీదుగా కరెంటు జారిపోతుంది కాబట్టి అసలు జబ్బు నయమైనా పాత ప్లగ్గుతో మిస్సింగ్ ఆగదు. మంచు కురిసే ధనుర్మాసం తెల్లవారుజామున మాత్రమే మిస్ కొట్టే బండి ఉంటే చీకట్లో బానెట్ తెరిచి ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్ళు చిలకరించి చూడండి. పాత వైరు మీద నీలిరంగు మెరుపులు కళ్ళకే కనిపిస్తాయి.

ఇవన్నీ దాటాక, ట్రిమ్ నిజంగా మైనస్‌లోనే ఉంటే, అప్పుడు పెట్రోలు వైపు రావాలి. ఇక్కడ లెక్కలు సాయపడతాయి. ఇంజెక్టర్ ప్రవాహం ప్రెషర్‌తో నేరుగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. 3 బార్ ఉండాల్సిన చోట 4 బార్ ఉంటే పెట్రోలు పెరిగేది 15 శాతమే. రిటర్న్ పైపు నలిగి ప్రెషర్ రెట్టింపై 6 బార్ అయినా 41 శాతమే. అదే 240 సీసీ ఇంజెక్టర్లు తీసి 440 సీసీవి పెట్టి ఈసీయూకి చెప్పకపోతే 83 శాతం ఎక్కువ. సాధారణంగా 25 శాతం దగ్గర ఆగిపోయే ట్రిమ్ దాన్ని ఎలా సర్దుతుంది? ట్యూనింగ్ ఫైలులో ఇంజెక్టర్ సైజు మార్చి, వోల్టేజ్‌ని బట్టి ఇంజెక్టర్ తెరుచుకునే ఆలస్యాన్ని మాత్రం పాతదే వదిలేస్తే ఫుల్ థ్రాటిల్‌లో బాగుండి ఐడ్లింగ్‌లో దెబ్బతింటుంది. ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం పీకి వాసన చూడండి. అందులో పెట్రోలు తడి ఉంటే లోపలి పొర చిరిగినట్టే.

రెండు ప్రశ్నలు మన వైపు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, ‘మన ఉక్కపోత వల్ల రిచ్ అవుతుందా?’ కొంచెం అవుతుంది. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజు గాలి ఒత్తిడిలో దాదాపు 3.8 కిలోపాస్కల్ నీటి ఆవిరిదే. మ్యాప్ సెన్సర్ దాన్ని కూడా గాలిగానే లెక్కేస్తుంది, అందువల్ల మిక్చర్ సుమారు నాలుగు శాతం రిచ్ అవుతుంది. దాన్ని ట్రిమ్ సునాయాసంగా సర్దేస్తుంది, దానికి మిస్సింగ్ రాదు. రెండోది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి, సమతూకం 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే పాత ట్యూనింగ్ ఉన్న బండి దానితో లీన్ అవుతుందే గానీ రిచ్ కాదు. నల్ల పొగని దాని మీదికి నెట్టడం అన్యాయం. అయితే ఇంజన్ పని జరిగినన్ని నెలలూ ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు వేరే సంగతి. ఇథనాల్ తేమ పీలుస్తుంది, అసలే మన గాలి తడి. ఆ పెట్రోలు తీసేసి తాజాది పోశాకే ఏ పరీక్షైనా మొదలుపెట్టాలి.

ఈ పరీక్షలు జరిగేటంతసేపూ బండిని ఐడ్లింగ్‌లో గంటలకొద్దీ పెట్టకండి. కాలని పెట్రోలు పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో అంటుకుని అది ఎర్రగా కాలుతుంది, లోపలి తేనెపట్టు కరిగి సైలెన్సర్ మూసుకుపోతుంది. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతోందంటే అదే హెచ్చరిక, వెంటనే ఆపాలి. కోతల రోజుల్లో రోడ్ల మీద, కళ్ళాల్లో వరిగడ్డి పరిచి ఉంటుంది. మిస్సింగ్ ఉన్న బండిని ఆ గడ్డి మీద నిలపొద్దు, నిప్పు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

జబ్బు దొరికి నయమయ్యాక ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ చెరిపేయండి, కొత్త ప్లగ్గులు వేయండి. ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు తెలుస్తుంది, పలచబడ్డ ఆ ఆయిల్‌తో కొత్త బేరింగులు ఒక్క కిలోమీటరు కూడా తిరక్కూడదు, ఫిల్టర్‌తో సహా మార్చాలి. రింగులు కూర్చోవాలంటే లోడు కావాలి. రావులపాలెం నుంచి తణుకు వైపు హైవే మీద మూడో గేరులో సగం థ్రాటిల్‌తో 2000 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా లాగి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి మళ్ళీ కిందికి దిగనివ్వండి, ఇలా కొన్నిసార్లు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కంప్రెషన్, ట్యాపెట్ గ్యాప్ చూడండి. పెట్రోలు కడిగిన బోరు చాలావరకు అప్పటికి తేరుకుంటుంది. తేరుకోకుండా గోడలు అద్దంలా నునుపెక్కిపోయి ఆయిల్ తాగుతుంటే మాత్రం ఇంజన్ దింపి బోరు గోడల మీద సన్నటి గీతలు పెట్టే హోనింగ్ మళ్ళీ చేయించి, కొత్త రింగులు వేయించాల్సిందే.